బతికున్నవాడి కప్పు

ఆల్తియా రెంబర్ట్ మా దీవిలో పడవ దిగిన సాయంత్రమే బీనా పెద్దమ్మకు ఆమె మీద అనుమానం పట్టుకుంది.

"పుస్తకాలు రాస్తుందట. చేతిలో కాగితం లేదు, వేలికి సిరా మరక లేదు. ఏం రాస్తుందే ఈవిడ?" అంది నా చెవిలో.

"ఏమో పెద్దమ్మా."

"ఏమో అంటే కాదు. నీకు కళ్లు ఎక్కువ రూహామా, నోరు తక్కువ. కనిపెట్టే పని నీదే."

నా గురించి అందరూ అనే మాటే అది. ఆలిచిప్పలు ఒలిచే షెడ్డులో ఆడవాళ్లంతా పాటలు పాడుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పని చేస్తారు. నేను కత్తి తిప్పుతూ వింటుంటాను. మా దీవి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ పైన అక్కడ తరగతులు లేవు.

ఆమెను మా ఇంటికి పంపింది మా చర్చి పెద్ద డీకన్ ఫార్చూన్ గారు. ఊళ్లో ఖాళీ గది ఉన్నది మా ఇంట్లోనే. పెద్దమ్మ కాదనలేకపోయింది. కాదంటే, ఆ గది ఎవరి కోసం ఉంచావని నలుగురూ అడుగుతారు.

ఆ గది మా ఓబెడ్ అన్నది. అమ్మ పోయాక మా ఇద్దరినీ పెద్దమ్మే పెంచింది. అన్న కిందటేడు అవతలి ఒడ్డున పైన్ అడవిలో బంక తీసే తెల్లవాళ్ల క్యాంపు పనికి వెళ్లాడు. అక్కడ పనికి చేరడం తేలిక, బయటికి రావడమే కష్టం. గుర్రాల మీద తుపాకులతో కాపలా తిరుగుతుంటారు. ఈ మధ్యే ఒక ముసలి పనివాడి మీద కావలివాడు కొరడా ఎత్తితే, అన్న ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎముక విరిగింది. అన్న ఆ పూటే పారిపోయాడు. ఇప్పుడు దీవి వెనక, పాడుబడ్డ వరిమళ్ల గట్టు మీద, ఉప్పుగడ్డిలో దాక్కుని ఉన్నాడు. దొరికితే గొలుసులు వేసి చచ్చేదాకా రాళ్లు కొట్టిస్తారు. అది కూడా వాళ్లకు ఓపిక ఉంటేనే. ఓపిక లేకపోతే అక్కడే చెట్టుకు వేలాడదీస్తారు. పెద్దమ్మ, నేను, డీకన్ గారు వంతులవారీగా తిండి చేరవేస్తున్నాం. చీకటి పడే వేళ ఎప్పుడైనా అన్నే వంటింటి వెనక్కి వచ్చి, నిలబడి నాలుగు ముద్దలు తిని పోయేవాడు.

అలాంటి ఇంట్లోకి కొత్త మనిషి వచ్చింది.

ఆల్తియాకు నలభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మగవాళ్ల బూట్లు వేసుకుంటుంది. ఎవరేం చెప్పినా తల కొంచెం వంచి వింటుంది. మధ్యలో అడ్డు రాదు. మాట్లాడేవాళ్లు ఆగిపోతే తనూ ఆగుతుంది, వాళ్లకే ఏదోలా అనిపించి ఇంకొంచెం చెప్పేదాకా. నేనూ అలాగే వింటాను కాబట్టి నాకు ఆమెను చూస్తే భయం వేసింది.

"మా అమ్మది ఈ దీవే," అంది మొదటి పూట భోజనం దగ్గర.

"ఏ ఇంటివాళ్లు?" పెద్దమ్మ గరిటె ఆపింది.

"పింక్నీలు."

పెద్దమ్మ నా వైపు చూసింది. పెద్ద తుఫానులో పింక్నీల ఇల్లు మనుషులతో సహా కొట్టుకుపోయింది. అప్పటికి పెద్దమ్మ చంటిపిల్ల. గిన్నెలు కడిగేటప్పుడు నాతో అంది: "చచ్చినవాళ్ల ఇంటిపేరు చెప్పుకోవడం ఎంతసేపే? అవునా కాదా అని ఎవరిని అడగాలి?"

మరో వారానికి, తెల్లవారుతూ ఉండగా, ఆమె గదిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఏవే, ఆ బెండకాయలు అలా ముదరబెట్టి ఎవరికి వండుతావే?" అచ్చం పెద్దమ్మే. అంత పొద్దున్నే ఆ గదిలో పెద్దమ్మకేం పనా అనుకుంటూ వెనక్కి తిరిగితే, పెద్దమ్మ పెరట్లో కోళ్లకు నూకలు చల్లుతోంది.

తలుపు దగ్గరే నిలబడిపోయాను. లోపల ఆల్తియా ఒక్కతే మాట్లాడుతోంది. పెద్దమ్మలా ఒక మాట, డీకన్ గారిలా దగ్గి ఒక మాట. పక్కింటి సిల్వీ నవ్వు కూడా. అన్నీ ఎక్కడో ఒకచోట మేం అన్న మాటలే. మళ్లీ మళ్లీ చెప్పుకుంటోంది, గొంతు కొంచెం మార్చి, ఒక మాట అటూ ఇటూ జరిపి.

ఆ రోజు నుంచి తెల్లవారగానే ఆ తలుపు దగ్గర నిలబడడం నాకు అలవాటయింది. ఒక పూట లోపల ఓబెడ్ అన్న మాట్లాడుతున్నాడు. అన్నకు ముందు పన్ను విరిగింది. మాట చివర చిన్న ఈల వస్తుంది. "ఇంకో ముద్ద పెట్టు పెద్దమ్మా," అని ఆ ఈలతో సహా అంది ఆల్తియా.

ఆమె అన్నను ఎప్పుడూ చూడలేదు. అన్న అనేవాడు ఒకడున్నాడని కూడా మేం ఆమెకు చెప్పలేదు.

పరుగెత్తి వెళ్లి పెద్దమ్మకు చెప్పాను. ఆమె మిగిలిన నూకలన్నీ ఒకేచోట పారబోసింది.

"విన్నదన్నమాట. మనం ఇంటి వెనక గుసగుసలాడుతుంటే గోడకి చెవి పెట్టి విన్నది."

"ఎవరికి చెబుతుందంటావు?"

"ఎవరికి కావాలో వాళ్లకే. ఆ కావలివాడి చెయ్యి ఇంకా అతుక్కుని ఉండదు."

ఆ సాయంత్రం వరండాలో పీతలు ఒలుస్తూ పెద్దమ్మ ఆమెను సూటిగానే అడిగింది. "రాసే మనిషివి కదమ్మా, నువ్వు రాయగా ఎవరూ చూడలేదేంటి?"

ఆల్తియా నవ్వింది. "ముందు నోట్లో పెట్టుకుంటానండీ. మనుషులు నాలో వాళ్లంతట వాళ్లు మాట్లాడేదాకా కాగితం ముట్టను. తొందరపడి రాసేస్తే అందరూ నాలాగే మాట్లాడతారు."

"ఎవరు నేర్పారు ఆ విద్య?"

"మా అమ్మే. ఉత్తరాన హార్లెం పేటలో ఊరందరి బట్టలకీ ఇస్త్రీ చేసేది. చేస్తూ ఈ దీవి వాళ్లందరి గొంతులతో మాట్లాడేది. ఒకసారి ముసలాయనలా, ఒకసారి చంటిపిల్లలా. నాకు ఇక్కడి మనుషులంతా ఇస్త్రీ వాసనతోనే తెలుసు. తర్వాత నేను హోటల్లో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరాను. మొదటి నవల మొత్తం అక్కడే, నోట్లోనే కట్టాను. అచ్చువేసే దొర చదివి ఏమన్నాడో తెలుసా? మీవాళ్లు నిజంగా ఇంత తెలివిగా మాట్లాడతారా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మీరున్నప్పుడు మాట్లాడరండీ అన్నాను."

పెద్దమ్మకు నవ్వొచ్చింది. వెంటనే మొహం బిగించుకుంది, ఏదో పోగొట్టుకున్నట్టు.

ఆల్తియా తన రెండో నవల నాకు చదవమని ఇచ్చింది. మూడు పూటల్లో అయిపోయింది. అందులో ఒక ముసలామె ఉంది. కుంటుతూ, ప్రతి గుమ్మం ముందూ ఆగి, లోపలికి ఒకసారి చూసి గానీ ముందుకు పోదు. అలాంటి మనిషి ఎక్కడో ఉండే ఉంటుందని నాకు తెలిసిపోయింది.

"ఈవిడ ఎవరు?" అని అడిగాను.

"మా మేనత్త. పేరు మార్చాను, ఊరు మార్చాను. నడక మార్చడం మరిచిపోయాను. చచ్చేదాకా నాతో మాట్లాడలేదు."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో బాధ ఉంది. అయినా ఆ మేనత్త మళ్లీ ఎదురైతే మళ్లీ ఆ నడకే రాస్తుందనిపించింది నాకు. పక్కనే పీత కాలు విరుస్తున్న పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

ఆ తర్వాత ఇంట్లో వస్తువులు మాయం కావడం మొదలైంది.

ముందు అన్న కప్పు. నీలం గీత ఉన్న తెల్ల పింగాణీ కప్పు, చిన్నప్పటి నుంచీ అన్న అందులోనే తాగేవాడు. అలమరలో దాని చోట గుండ్రటి మరక మాత్రం మిగిలింది. తర్వాత అన్న టోపీ. క్యాంపు నుంచి పారిపోయి వచ్చినప్పుడు పెట్టుకున్నది. పైన్ బంక కారి అట్టకట్టిపోయి, ఎన్నిసార్లు ఉతికినా వాసన పోనిది. దాన్ని పెద్దమ్మ పరుపు కింద దాచాం. అదీ లేదు.

ఒక పొద్దున్న ఆల్తియా కాఫీ గిన్నె అందుకుంటుంటే ఆమె అరచేతులు చూశాను. బొబ్బలెక్కి ఉన్నాయి. వెనక షెడ్డుకు వెళ్లి చూస్తే, పారకు తడి ఇసుక అంటుకుని ఉంది. మేం చిలగడదుంపలు తవ్వి నెల దాటింది.

పెద్దమ్మతో చెబితే ఆమెకు అంతా ఒక్కసారే అర్థమైనట్టయింది.

"కుక్కలే రూ. టోపీ కుక్కల కోసం. వాసన చూపించి వదులుతారు."

"కప్పు ఎందుకు?"

"అది మాత్రం వాడి నోరు తగిలింది కాదూ?"

"మరి పార?"

పెద్దమ్మ షెడ్డు వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికి వస్తుంటే సిల్వీ ఎదురు పరుగెత్తుకొచ్చింది. ఆమె కబుర్లు మోయడానికే పుట్టింది.

"బీనా వదినా, మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"నీ నోట్లో ఉప్పు పడ! ఏంటే ఆ మాట?"

"సమాధుల తోటలో మీ వరసలో కొత్త మట్టి. మీ ఓబెడ్ కప్పు దాని మీద. పగలగొట్టి ఉంది."

పెద్దమ్మ ఆ వయసులో అలా పరుగెత్తగలదని నాకు తెలియదు.

మా వాళ్లలో ఎవరైనా పోతే, వాళ్లు చివరిగా వాడిన వస్తువులు సమాధి మీద పెడతాం. కప్పు, పళ్లెం, దీపం చిమ్నీ. పగలగొట్టే పెడతాం. అలా చేస్తే పోయిన మనిషికీ ఇంటికీ మధ్య ముడి తెగుతుంది, ఇంట్లో ఇంకొకరు ఆ దారి పట్టరు. ఒకసారి పెట్టాక దాన్ని ఎవరూ ముట్టరు. గాలికి దొర్లినా సరిచేయరు.

మా అమ్మ సమాధి పక్కన కొత్తగా ఎత్తిన ఇసుక దిబ్బ. తల వైపు ఓబెడ్ అన్న టోపీ, మధ్యలో నీలం గీత కప్పు. కప్పు అడుగు ఊడగొట్టి ఉంది. మేం చూస్తుండగానే వెనక నుంచి డీకన్ గారు రొప్పుతూ వచ్చారు. ఆ వెనక, తొందర లేకుండా, ఆల్తియా.

"నువ్వేనా?" అంది పెద్దమ్మ.

"నేనే."

"బతికున్నవాడికి సమాధి కట్టావా! చేతబడి చేస్తావా నా బిడ్డకి!" పెద్దమ్మ కప్పు తీయడానికి వంగింది. చెయ్యి కప్పు దాకా వెళ్లి ఆగిపోయింది. "డీకన్ గారూ, తీసెయ్యండి. మీరు తీసెయ్యండి."

డీకన్ గారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. "సమాధి మీద పెట్టింది ఎలా తీస్తామమ్మా?"

"లోపల ఎవరూ లేరు కదయ్యా!"

"లేరు. కప్పు పగిలింది కదా. పగిలాక అది పోయినవాళ్లది."

"వాళ్లంటే ఎవరు? వాడక్కడ చేపలు పట్టుకుంటుంటే!"

"కొంచెం మెల్లగా," అన్నారు డీకన్ గారు.

సిల్వీ చెవులు మూసుకుంది. "నేనేం వినలేదమ్మా. ఈ దీవిలో ఎవరూ ఏమీ వినలేదు, ఇన్నాళ్ల నుంచీ." తర్వాత వేళ్ల సందుల్లోంచి కప్పు వైపు చూసింది. "అడుగు పగలగొట్టింది చూశావా వదినా? మనం అంచు కదా పగలగొడతాం. పద్ధతి కూడా తెలియదు మహాతల్లికి."

పెద్దమ్మ మళ్లీ వంగింది, మళ్లీ లేచింది. తీస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఉంచితే ఏమవుతుందో అదీ తెలియదు. ముట్టుకునే ధైర్యం మాలో ఒక్కరికీ లేకపోయింది.

"కొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి," అంది ఆల్తియా. "నన్నేమన్నా పడతాను. దాన్ని మాత్రం అలాగే ఉండనివ్వండి."

"ఎందుకు?" అని అడిగాను నేను. అందరూ నా వైపు తిరిగారు. నేను అడగడం వాళ్లకు కొత్త.

ఆల్తియా పెద్దమ్మ మొహం వైపే చూస్తూ ఉండిపోయింది.

"మంగళవారం టపా పడవ వస్తుంది," అన్నారు డీకన్ గారు. "మీ పెట్టె సర్దుకోండమ్మా."

మంగళవారం పొద్దున్న ఆల్తియా తన పెట్టె మీద కూర్చుని రేవులో పడవ కోసం చూస్తోంది. ఆమె ఎక్కేదాకా కదలొద్దని పెద్దమ్మ నన్ను పంపింది. పడవ మలుపు తిరిగింది. కుక్కల అరుపు ముందు వినిపించింది.

పడవలో ఇద్దరు తెల్లవాళ్లు. ఒకడు షెరీఫ్ కింద పోలీసు డిప్యూటీ, లావుగా, చెమటలు కక్కుతూ. రెండోవాడి కుడి చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. అతనెవరో ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను ఆల్తియా వైపు చూశాను. ఆమె ఉలిక్కిపడలేదు. ఎదురు చూసిన చుట్టాలు దిగినట్టు లేచి పక్కకు జరిగింది. అయితే నిజమే అనుకున్నాను. అడ్డదారిన పరుగు పెట్టాను.

నేను ఇంటికి చేరి రొప్పుతుండగానే వాళ్లూ వచ్చేశారు. ఇల్లంతా తిరగేశారు. పరుపు చీల్చారు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చీపురు విడవలేదు. చేతికట్టు వేసుకున్నవాడు సంచిలోంచి ఒక పాత చొక్కా తీసి కుక్కలకు వాసన చూపించాడు. క్యాంపులో అన్న వదిలేసి వచ్చిన చొక్కా.

కుక్కలు పెరట్లో ఒక చుట్టు తిరిగాయి. ఇప్పుడు గట్టు వైపు పోతాయనుకున్నాను. అవి ముక్కులు ఎత్తి, గొలుసులు తెంచుకునేలా, సమాధుల తోట వైపు లాగాయి.

మేం వెళ్లేసరికి కుక్కలు ఆ టోపీ చుట్టూ తిరుగుతూ కుయ్యిమంటున్నాయి. అప్పటికే డీకన్ గారూ, ఊళ్లో సగం మందీ అక్కడున్నారు. ఆల్తియా చివర నిలబడి ఉంది, తన టోపీ పెట్టుకుని, ప్రయాణానికి సిద్ధంగా.

చేతికట్టువాడు వంగి టోపీ వాసన చూశాడు. "వాడిదే. ఇది మా క్యాంపు బంకే." ఆ మాటలో కోపం కంటే నిరాశ ఎక్కువ ఉంది.

"ఎలా పోయాడు?" అని డిప్యూటీ డీకన్ గారిని అడిగాడు.

డీకన్ గారు జీవితంలో అబద్ధం ఆడలేదని పేరు. ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇక్కడి నీళ్లు ఎవరినీ అడిగి తీసుకోవు దొరా."

"నువ్వెవరు?" డిప్యూటీ ఆల్తియా వైపు తిరిగాడు.

"చుట్టపుచూపుకి వచ్చాను దొరా. వెళ్లిపోతున్నాను. ఇలాంటి ఇంట్లో ఎన్నాళ్లని ఉంటాను?"

"తవ్వించు," అన్నాడు చేతికట్టువాడు.

ఎవరూ కదల్లేదు. పార మా షెడ్డులోనే ఉంది. దాని ఇసుక ఇంకా ఆరి ఉండదని నాకు గుర్తొచ్చింది.

అప్పుడు పెద్దమ్మ చేతిలోంచి చీపురు జారింది. మోకాళ్ల మీద పడి ఆ దిబ్బను రెండు చేతులా కావలించుకుంది. ఆదివారం నుంచి ఆమె మింగిందంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"నాయనా! నీ కప్పు నేను పగలగొట్టలేదురా! నేను పెట్టలేదురా నిన్నిక్కడ! నీకింత అన్నం పెట్టిన చేత్తో ఈ మట్టి నేను పొయ్యలేదురా! ఎవరు తాగుతార్రా దీంట్లో ఇంక! లేచి రారా, నీకేమీ కాలేదని చెప్పరా వీళ్లకి!"

అందులో ఒక్క అబద్ధం లేదు. ఆడవాళ్లంతా ఏడవడం మొదలుపెట్టారు. అన్న ఎక్కడున్నాడో తెలిసిన నేనూ ఏడ్చాను. ఆ క్షణాన అన్న నిజంగా ఆ మట్టి కిందే ఉన్నట్టు నాకు అనిపించింది. కుక్కలు కూడా తోకలు ముడిచాయి.

డిప్యూటీ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"తవ్వుకోండి దొరా," అన్నారు డీకన్ గారు మెల్లగా. "పార తెప్పిస్తాను. కాకపోతే ఆటు తీస్తోంది. ఇంకాసేపైతే మీ పడవ బురదలో కూర్చుంటుంది. మళ్లీ పోటు వచ్చేదాకా దోమలతో ఇక్కడే."

డిప్యూటీ కాలువ వైపు చూశాడు. తర్వాత చేతికట్టువాడి వైపు. "చచ్చినవాడిని అరెస్టు చెయ్యమంటావా ఏంటయ్యా? పద."

నేను అప్పుడు తలెత్తి ఆల్తియాను చూశాను. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. పెద్దమ్మ అన్న ప్రతి మాటనూ వెనక వెనకే నోట్లో పెట్టుకుంటోంది.

ఆ మంగళవారం ఆమె పడవ ఎక్కలేదు. ఆమెను పొమ్మనే నోరు ఎవరికీ రాలేదు. సాయంత్రం వరండాలో ఆమె పక్కన కూర్చున్నాను. లోపల పెద్దమ్మ పడుకుని ఉంది.

"వాళ్లొస్తారని మీకెలా తెలుసు?"

"నేను ఇటు పడవ ఎక్కేటప్పుడు అవతలి రేవులో ఆ చేతికట్టు మనిషి ఓబెడ్ ఎవరు, ఏ దీవివాడు అని అడుగుతున్నాడు. ఇక్కడికొచ్చాక గోడ అవతల ఈల వినిపించింది. ఈ ఇంట్లో ఎవరూ ఎందుకు గట్టిగా నవ్వరో అప్పుడు తెలిసింది."

"మాకు ముందే చెప్పొచ్చు కదా?"

"చెబితే మీ పెద్దమ్మ ఒప్పుకునేదా, బతికున్న బిడ్డ కప్పు పగలగొట్టడానికి?"

"ఒప్పుకునేది కాదు."

"ఒప్పుకున్నా, అలా ఏడవగలిగేదా?"

అన్నను కాపాడిన మనిషి ఆమే. మా పెద్దమ్మ గుండెను చీల్చితే లోపలినుంచి ఏం వస్తుందో ముందే లెక్క వేసుకున్న మనిషీ ఆమే. ఆ ఇద్దరిలో ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియలేదు.

"ఇది రాయకండి," అన్నాను. "సమాధి సంగతి, కప్పు సంగతి. ఎక్కడో ఎవరో చదువుతారు. ఆ చేతికట్టువాడి దాకా పోతుంది. అన్న బతికున్నాడని తెలుస్తుంది."

"రాయను."

"ఒట్టు?"

"కల్పించి రాసేదాని ఒట్టు నీకెందుకు రూహామా?" అని నవ్వింది. మళ్లీ నవ్వు ఆపి, "రాయను," అంది.

లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. పడుకుందనుకున్నాం గానీ అంతా వింటోంది. "అడుగు ఎందుకు పగలగొట్టావు?"

"మా అమ్మ అలాగే చెప్పింది. అంచు కాదు, అడుగు అని."

"మా అమ్మ అనేది, ఎగతాళిగా," అంది పెద్దమ్మ చివరికి. "అడుగు పగలగొట్టేది పింక్నీలు ఒక్కళ్లేనని."

ఆల్తియా బొబ్బలెక్కిన చేతుల్లోకి చూసుకుంటూ కూర్చుంది.

చచ్చిపోయినవాడు దీవిలో తిరగకూడదు. ఆ వారంలోనే డీకన్ గారు అన్నను తన పడవలో పెట్టుకుని, కలప తీసుకుపోయే ఓడ దాకా దించారు. గట్టు మీద వీడ్కోలు చెప్పడానికి పెద్దమ్మ, నేను వెళ్లాం. దారికి ఉడికించిన చిలగడదుంపలు, వేయించిన చేపలు మూటకట్టాం.

"నా కప్పు తెచ్చారా?" అన్నాడు అన్న, మాట చివర ఈలతో.

"అడక్కురా," అంది పెద్దమ్మ. "ఆ ఒక్కటి అడక్కు."

అన్న ఫిలడెల్ఫియా రేవులో వేరే పేరుతో పని చేస్తున్నాడు. ఆ పేరు ఇక్కడ చెప్పను. సమాధి అలాగే ఉంది. దాని మీద గడ్డి పెరిగితే పెద్దమ్మే పీకుతుంది. పీకుతూ లోపల ఎవరూ లేరని పైకి అంటూ ఉంటుంది, తనకు తను గుర్తు చేసుకోవడానికి.

రెండేళ్లకు ఆల్తియా కొత్త నవల టపా పడవలో వచ్చింది. పైన నా పేరు. లోపల ఉత్తరం లేదు.

ముందు నేను ఒక్కదాన్నే చదివాను. ప్రతి వాక్యం కింద వేలు పెట్టి, వల చిక్కులు చూసినట్టు చూస్తూ పోయాను. దీవి లేదు. సమాధి లేదు. పారిపోయిన కుర్రాడు లేడు. కప్పు లేదు. సగం దాటాక మనసు తేలికపడింది. అక్కడే ఒక ఇల్లు కాలిపోయింది. ఆ ఇంటి తల్లి బూడిదలో పడి ఉయ్యాలను కావలించుకుని ఏడుస్తోంది. "నేను పెట్టలేదురా నిన్నిక్కడ! నీకింత అన్నం పెట్టిన చేత్తో..."

పుస్తకం మూశాను. మళ్లీ తెరిచాను. కప్పు, మట్టి మాటలు తప్ప ఇంకొక్క మాట తప్పిపోలేదు.

సాయంత్రం వరండాలో పెద్దమ్మ బెండకాయలు తరుగుతుంటే మొదటి నుంచి చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆ చోటు వస్తుందని నాకు తెలుసు. వదిలేద్దామనుకున్నాను. వదలలేకపోయాను. చదివాను. కత్తి ఆగింది.

"ఎవరే ఆవిడ?"

"కథలో ఆవిడ పెద్దమ్మా. ఇల్లు కాలిపోయింది."

"బాగా ఏడ్చింది పాపం." మళ్లీ ఒక బెండకాయ తీసుకుంది గానీ తరగలేదు. "నడుస్తుందా ఎక్కడైనా? నాలాగా నడుస్తుందేమో చూశావా?"

"లేదు. కూర్చునే ఉంటుంది."

"కప్పు?"

"లేదు."

"సమాధి? గట్టు? వాడి పన్ను?"

"ఏదీ లేదు పెద్దమ్మా. వెతికాను."

పెద్దమ్మ నా చేతిలో పుస్తకం వైపు అనుమానంగా చూసింది. అట్ట మీద ఆల్తియా బొమ్మ ఉంది, తల కొంచెం వంచి, ఎవరో చెప్పేది వింటున్నట్టు.

"ఎక్కడో దాచే ఉంటుంది. మళ్లీ మొదటి నుంచి చదువు. మధ్యలో గబగబా పోకు."

నేను మొదటి పేజీ తీశాను.